బూడిదకు పుట్టిన పేరు

బిలాసపూరు, రైల్వే క్వార్టర్లు
1934 ఫిబ్రవరి 11

తమ్ముడు త్రినాథరావుకు,

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు కంగారు పడకు, ప్రాణాల మీదికి ఏమీ రాలేదు. కంగారు పడడానికి నేనొక్కదాన్ని చాలు.

మా పైడిరాజు కుడిచెయ్యి కాలింది. నిప్పుతో కాదు. షెడ్డులో ఇంజను సామాన్లకు పట్టిన జిడ్డు వదలడానికి ఒక పెద్ద తొట్టిలో కాస్టిక్ అనే మందు కలిపిన నీళ్ళు ఉంచుతారట. ఇనప ముక్కల్ని గొలుసుకు తగిలించి అందులో ముంచి తీయడం వీడి డ్యూటీ. పదిహేను రోజుల కిందట గొలుసు జారి ముక్క తొట్టిలో పడింది. నీళ్ళు చిందాయి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా తడిసింది. జతగాడు సింహాచలం వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టించి, చాలాసేపు నీళ్ళు పోయించి, సాయంత్రం ఇంటి దగ్గర దిగబెట్టి వెళ్ళాడు.

“ఏటీ అవలేదే అమ్మా, ఎర్రబడిందంతే. రేపు ఆస్పత్రికి ఎల్తాను” అన్నాడు మా వాడు. నేనూ చూశాను. ఎర్రబడిందంతే. నాకు చేతనైనది నేను చేసి పడుకోబెట్టాను. తెల్లారి చూస్తే వేళ్ళ కొసల దగ్గర తోలు మెత్తబడి, ముట్టుకుంటే సబ్బులా జారిపోతోంది. ఆ రోజు నుంచి రైల్వే ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. కోడలు చిన్నతల్లి పొద్దున, నేను సాయంత్రం వెళ్ళి కూర్చుంటున్నాం.

వాడి మంచానికి తగిలించిన అట్ట మీద డాక్టరు ఇంగ్లీషులో ఏదో రాశాడు. కాంపౌండరు గోవిందరావు మన పలాస వైపు వాడు. ఏమిటి నాయనా అది అంటే ‘ఆల్కలీ’తో కాలిన గాయం అని చదివాడు. ఆల్కలీ అంటే ఏమిటని అడిగితే, అదే అమ్మా క్షారం అన్నాడు. ఆ మాటా నాకు తెలియదు. రెండో తరగతి దాటనిదాన్ని. పది మంది రోగులు వరసలో ఉంటే మూడోసారి అడగడానికి మొహమాటపడి వచ్చేశాను.

అప్పటి నుంచి అదే మాట చెవిలో తిరుగుతోంది. అది ఒంట్లోకి పాకే జాతిదా? రక్తంలో కలుస్తుందా? వాడు తాగిన గ్లాసుతో పిల్లలు తాగొచ్చా? తాగనివ్వడం మానేశాను, చిన్నతల్లి నా మీద విసుక్కుంటోంది. నువ్వు హైస్కూల్లో రసాయనం చెప్పే మాస్టారివి. ఆ మాటకు అర్థమేమిటో, ఎక్కడ పుట్టిందో నాకు అర్థమయ్యేలా రాయి. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, ఊరు అడుగుతాం కదా, అలా అడుగుతున్నాననుకో. పుట్టుక తెలిస్తే బుద్ధి కొంతైనా తెలుస్తుంది.

నీ దగ్గు తగ్గిందా? చలిలో బడికి వెళ్ళేటప్పుడు చెవులకు గుడ్డ కట్టుకో.

నీ అప్ప,
అచ్చియమ్మ


విజయనగరం
1934 ఫిబ్రవరి 19

అప్పకు నమస్కారాలు.

ఉత్తరం నిన్న అందింది. పరీక్ష కాగితాలు రెండు కట్టలు పక్కకు నెట్టి ఇది రాస్తున్నాను. ముందుగా ఒక మాట. ఆల్కలీ జబ్బు కాదు. అంటుకోదు. పిల్లల్ని వాళ్ళ నాన్న గ్లాసుతో హాయిగా తాగనీ.

నువ్వు అడిగిన తీరు నాకు నచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క పిల్లవాడూ ఈ మాట ఎక్కడ పుట్టిందని అడగలేదు. ఎన్ని మార్కులని అడుగుతారు.

అది అరబ్బుల మాట. పూర్వం ఆ దేశాల వాళ్ళు సముద్రపు ఒడ్డున చవుడు నేలల్లో మొలిచే ఉప్పు మొక్కల్ని కోసి, ఎండబెట్టి, కాల్చేవారు. ఆ బూడిద పేరు ఖలీ. ముందు ‘అల్’ అని చేర్చి చెప్పడం వాళ్ళ భాషలో అలవాటు. అల్ ఖలీ, ఆల్కలీ అయింది. అంతే అప్పా, ఇంత భయపెట్టిన మాటకు అర్థం బూడిద. ఆ బూడిదను నీళ్ళలో నానబెట్టి, పైన తేరిన తేటతో సబ్బు చేసేవారు, గాజు చేసేవారు. మన అమ్మ అరటిబోదెలు కాల్చిన బూడిద కుండలో నానేసి, ఆ తేటతో మాసిన దుప్పట్లు ఉడకబెట్టేది కదా. ఆ తేటలో చెయ్యి పెడితే వేళ్ళు జారేవి. ఆ జారుడే దాని గుర్తు. మన పాత వైద్యులూ మొక్కల్ని కాల్చిన బూడిద నుంచే దాన్ని తీసి క్షారం అన్నారు. అరబ్బులకూ మనకూ ముందు దొరికింది పొయ్యిలోనే.

తరవాత ఏమైందంటే, బూడిదలో పుట్టనివి కూడా అదే గుణం చూపిస్తున్నాయని తెలిసింది. పుల్లటి వాటిని విరిచేస్తాయి, జిడ్డును తినేస్తాయి, గాఢంగా ఉంటే తోలును కూడా తినేస్తాయి. అందుకని వాటినీ ఆ పేరులోకే చేర్చుకున్నారు. మీ షెడ్డులో కాస్టిక్ అలాంటిది. చాకలి సోడా అలాంటిది. తడి సున్నం అలాంటిది. పుట్టిన ఇళ్ళు వేరైనా ఇంటిపేరు ఒకటే అనుకో.

అలా కాలినప్పుడు చేయవలసింది ఒక్కటే, నీళ్ళు. ధారగా, విసుగు లేకుండా నీళ్ళు. సింహాచలం అదే చేశాడు, మంచి బుద్ధిమంతుడు. ఆ తరవాత అంత లోతుగా ఎందుకు దిగిందో నాకు అర్థం కాలేదు. డాక్టరుకు తెలిసే ఉంటుంది.

దగ్గు అలాగే ఉంది. వంట మనిషి మానేసింది. రెండు పూటలకూ ఒకసారే వండుకుంటున్నాను.

త్రినాథరావు


బిలాసపూరు
1934 మార్చి 6

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. నాలుగుసార్లు చదివాను. గ్లాసు సంగతి చిన్నతల్లికి చెప్పాను, అచ్ఛా అని ఊరుకుంది.

వెంటనే రాయనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ పరిస్థితి బాగోలేదు. ఆస్పత్రిలో చేర్చిన రోజున చేతి గుడ్డ విప్పితే డాక్టరుకు లోపల తెల్లగా సున్నం కనిపించిందట. అదేమిటని వీడిని అడిగాడట. వీడు తెలియదన్నాడు. బెంగాలీ డాక్టరు మంచివాడే కానీ కోపిష్ఠి. ఆ మాట కాగితంలో రాసి రైల్వే కంపెనీ ఆఫీసుకు పంపాడు. ఇదంతా నాకు మొన్న సింహాచలం చెప్పేదాకా తెలియదు. ఈ క్వార్టర్ల లైనులో ఇదివరకు ఇద్దరు ఖలాసీలు జబ్బు సెలవు కోసం చిన్న దెబ్బల మీద సున్నం పెట్టుకుని, పుండు చేసుకుని దొరికిపోయారు. మా వాడూ అలాగే చేశాడని అనుమానం. ఈ నెల ఇరవైన విచారణ అట. రుజువైతే పని తీసేస్తారు. నెలలోపు క్వార్టరు ఖాళీ చేయాలి. నా పెనిమిటి పోయింది ఈ గదిలోనే. ఇద్దరు ఆడపిల్లలతో, పని చేయని చేత్తో వీడు ఎక్కడికి పోతాడు?

నేను వాడిని అడిగాను, డాక్టరుకు ఏదో ఒకటి చెప్పొచ్చు కదా నాయనా అని. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నిన్ను ఒకటి అడగాలి. మా పక్కింటావిడ అడగమంది. ఎవరైనా తెలియక కాలినచోట కొంచెం సున్నం పెడితే, మరీ ఎక్కువ కాదు, తమలపాకుకు రాసే డబ్బాలోంచి నాలుగు వేళ్ళతో తీసినంత, అదీ ఒక్క రాత్రికే, దానివల్ల అంత చెడుపు జరుగుతుందా? ఆవిడ చాలా బెంగపడుతోంది. అన్నం సరిగా తినడం లేదు. ఇరవై లోపల జవాబు రాయి.

పక్క ఊరు మోప్కా నుంచి పాలు తెచ్చే మనిషి రెండు రోజులుగా రాలేదు. అది కూడా నాకు దిగులే.

అప్ప


విజయనగరం
1934 మార్చి 12

అప్పకు,

మీ పక్కింటావిడకు ఇలా చెప్పు.

నాలుగు వేళ్ళ సున్నం ఏమీ చేయదు. తమలపాకుతో రోజూ తింటున్నాం కదా. జరిగిన చెడుపంతా కాస్టిక్ చేసిందే, మొదటి నిమిషంలోనే చేసింది. పైకి కనిపించడానికి ఒక రాత్రి పట్టింది, అంతే. ఆవిడ హాయిగా అన్నం తినవచ్చు.

ఆవిడ ఎక్కడికీ వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. కంపెనీ ఆఫీసుల్లో ఒక మాట చెబితే అది ఏ కాగితంలో ఎలా తిరుగుతుందో తెలియదు. కొడుకు చెప్పి తల్లి చేత చెప్పిస్తున్నాడంటారు. పైడిరాజు చదువుకోకపోయినా తెలివైనవాడు. వాడు మాట్లాడడం లేదంటే కారణం ఉండే ఉంటుంది. వాడిని వాడి దారిన పోనివ్వమని చెప్పు.

ఆవిడ వయసు అరవై దాటిందనుకుంటాను. గుండెదడ ఉందని కూడా ఎప్పుడో విన్నాను. ఆరోగ్యం చూసుకోమను.

త్రినాథరావు


బిలాసపూరు
1934 మార్చి 22

తమ్ముడూ,

పక్కింటావిడ లేదు. నీకు తెలుసు.

నువ్వు రాసిన ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫిబ్రవరిలో రాసినప్పుడు నీకు నా సంగతి తెలియదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాశావు. మార్చిలో రాసింది నా కోసం రాశావు. అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. నాకు కోపం లేదు. కానీ మొదటి ఉత్తరమే నా చేతికి ముందు రావడం మంచిదయింది.

సంగతి చెబుతాను. మన వైపు ఒళ్ళు కాలితే అమ్మ ఏం చేసేది? సున్నపు తేటలో కొబ్బరినూనె పోసి గిలక్కొట్టి, వెన్నలా అయ్యాక పూసేది. నేనూ ఎన్నిసార్లో పూశాను. ఇక్కడ లైనులో ఎవరికి కాలినా నన్నే పిలుస్తారు. ఆ సాయంత్రం ఇంట్లో కొబ్బరినూనె చుక్క లేదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిన సీసా సంక్రాంతి ముందే అయిపోయింది. ఇక్కడ జనం వాడేది ఆవనూనె. ఆవనూనె మంట పుట్టిస్తుంది కదా, అది వద్దనుకున్నాను. తేట తీయడానికి ఓపిక లేకపోయింది, బిడ్డ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆకు డబ్బాలోని సున్నమే నీళ్ళతో మెదిపి, ముద్దగా పట్టించి, గుడ్డ గట్టిగా కట్టాను. గట్టిగా కడితే మందు బాగా దిగుతుందని అనుకున్నాను. దిగింది.

నువ్వు పుట్టుక చెప్పి, తరవాత చుట్టాల్ని చెప్పావు చూడు, సోడా అని, సున్నం అని. అక్కడికి వచ్చేసరికి చదవడం ఆగిపోయింది. చిన్నతల్లి వచ్చి పొయ్యి మీద అన్నం మాడుతోందని చెప్పేదాకా అలాగే ఉన్నాను. కాలినదాన్ని తెచ్చి మళ్ళీ కాల్చేదాని చేతిలోనే పెట్టాను.

విచారణకు రెండు రోజుల ముందు నేనే ఆస్పత్రికి వెళ్ళాను. చిన్నతల్లికి చెప్పలేదు. పైడిరాజు మంచం వైపు వెళ్ళకుండా డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్నాను. ఎవరు పిలుస్తారో, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. లేచిపోదామని మూడుసార్లు అనిపించింది. నన్ను జైల్లో పెడతారేమో అనుకున్నాను. పెడితే పిల్లలకు జడలు ఎవరు వేస్తారా అనుకున్నాను. నాకు ఏ భయమూ ఒంటరిగా రాదు, నీకు తెలుసు.

మధ్యాహ్నం గోవిందరావు చూసి లోపలికి తీసుకెళ్ళాడు. నేను తెలుగులో చెబుతాను, నువ్వు హిందీలో చెప్పు నాయనా అన్నాను. వాడు మొదలుపెట్టేలోపే డాక్టరు నన్నే చూసి అడిగాడు.

“చూనా కిస్‌నే లగాయా?”

సున్నం ఎవరు పెట్టారని. ఆ మాత్రం నాకు తెలుసు.

“మై” అన్నాను. “మై, సాబ్. బేటా నహీ.”

డాక్టరు కలం కింద పెట్టాడు. కొడుకు పంపాడా అని గోవిందరావు చేత అడిగించాడు. నువ్వు భయపడిందే అయింది. వాడు పంపలేదు బాబూ, నేను వచ్చినట్టు వాడికి తెలియదు, తెలిస్తే ఒప్పుకోడు అన్నాను. అయితే ఎలా పెట్టావో చూపించు అన్నాడు. గోవిందరావు కుడిచెయ్యి చాపాడు. గుడ్డ పీలిక అడిగి తీసుకున్నాను. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, ప్రతి వేలి సందులోంచి తిప్పి, బొటనవేలి కింద ముడి వేసి, ముడి కొస లోపలికి దోపాను. మన అమ్మ కట్టే కట్టు. డాక్టరు లేచి వచ్చి ఆ కట్టు చాలాసేపు చూశాడు. ఎవరి కుడిచెయ్యి వాళ్ళు ఎడమచేత్తో అలా కట్టుకోలేరు. ఆ రోజు తను కత్తిరించి తీసిన కట్టు ఇదేనని గోవిందరావుతో చెప్పాడట.

కొబ్బరినూనె సంగతి కూడా చెప్పాను. నూనెతో కలిపిన తేట మంచి మందే, మా పుస్తకాల్లోనూ ఉంది, నువ్వు పెట్టింది అది కాదు అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అనిపించింది. చెయ్యి పూర్తిగా వస్తుందా అని అడిగాను. రాదన్నాడు.

కాగితం రాసి పంపుతానన్నాడు. విచారణ వాయిదా వేశారు. ఏమవుతుందో తెలియదు. పైడిరాజుకు ఇంకా తెలియదు, లేదా తెలిసినా అనడం లేదు.

అలసిపోయాను. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

అప్ప


విజయనగరం
1934 మార్చి 29

అప్పకు,

తప్పు నాది. నువ్వు మోయలేవనుకున్నాను. అందుకే అలా రాశాను. నువ్వు మోసుకుని వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చావు.

ఏటా ఆ పాఠం చెబుతాను. నల్లబల్ల మీద వరసగా రాస్తాను, కాస్టిక్ సోడా, చాకలి సోడా, సున్నం. కింద గీత గీసి, ఇవన్నీ ఆల్కలీలు అని చెప్పి, బల్ల తుడిచేసి ఇంటికి వస్తాను. ఆ గీత కింద ఒకరి చెయ్యి ఉంటుందని నాకు ఎన్నడూ తోచలేదు. ఈ వారం ఆ పాఠం చెప్పాల్సి వచ్చింది. కాలితే ముందు నీళ్ళు పోయాలని, సున్నం పెట్టకూడదని పిల్లల చేత మూడుసార్లు చెప్పించాను. పరీక్షలో అడుగుతారా అన్నారు. అడుగుతారని చెప్పాను.

కబురు రాయి. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు. నేనూ ఇకమీద అలాగే రాస్తాను. నాకు దగ్గుతో పాటు రాత్రిపూట జ్వరం కూడా వస్తోంది. ఇంతకాలం రాయలేదు.

త్రినాథరావు


బిలాసపూరు
1934 ఏప్రిల్ 17

తమ్ముడికి,

ముందు నీ సంగతి. జ్వరం రాస్తే తెలిసింది, రాయకపోతే నేను పది జబ్బులు ఊహించుకునేదాన్ని. ఒక్కటే అయింది, నయం. అక్కడి పెద్దాస్పత్రిలో చూపించుకో. చూపించుకుని, వాళ్ళేమన్నారో ఇంగ్లీషు మాట ఉంటే ఇంగ్లీషు మాటే రాయి. నేను ఇక్కడ గోవిందరావును అడుగుతాను. ఇప్పుడు మూడోసారి అడగడానికి కూడా మొహమాటం లేదు.

మా కబురు. డాక్టరు కాగితం చేరింది. తల్లి తెలియక చేసిన పని, కొడుకు తప్పు లేదని రాశాడట. పని ఉంది. క్వార్టరు ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు ముడుచుకోవు. మూడో వేలు సగమే వంగుతుంది. పాత డ్యూటీకి పనికిరాడని, సిగ్నలు దీపాలు తుడిచి చమురు పోసే గదిలో వేశారు. అక్కడంతా ముసలివాళ్ళూ దెబ్బ తిన్నవాళ్ళూనట. వాడికి ముప్పై ఒకటి.

ఇంటికి వచ్చి పది రోజులైంది. నాతో మామూలుగానే ఉన్నాడు. అన్నం పెట్టమంటాడు, తింటాడు. ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు, నా ఎదురుగా మాత్రం కుడిచేత్తో తినడానికి చూస్తాడు, మెతుకులు జారిపోతాయి. నేను పని ఉన్నట్టు లేచి పెరట్లోకి వెళ్తున్నాను. ఇలా పది రోజులు గడిచాయి.

ఇవాళ మధ్యాహ్నం చిన్నతల్లి పిల్లల్ని తీసుకుని అరపా ఏటి రేవుకు బట్టలు ఉతకడానికి వెళ్ళింది. మేమిద్దరమే ఉన్నాం. వాడు గుమ్మంలో కూర్చుని బూట్ల తాడు కట్టుకోవడానికి కుస్తీ పడుతున్నాడు. నేను కూర్చుని కట్టాను. కడుతూ అడిగేశాను. నీకు తెలియదేట్రా, నువ్వు రోజూ చూసే తొట్టి కదా, సున్నం కూడా అదే జాతని నీకు తెలియదా అని.

“తెల్సు” అన్నాడు.

“తెల్సి నాసేత ఎట్టించుకున్నావా?”

“ముందు అంతగా అవదనుకున్నాను. కట్టు కట్టినాక మండింది. బాగా మండింది.”

“మరి సెప్పకూడదేట్రా? కడిగేద్దును కదా.”

వాడు బూటు మీద దుమ్ము ఎడమచేత్తో దులుపుకున్నాడు. బండి కూత వినిపించింది, అదీ పోయింది.

“ఎలాగ సెప్పీదే అమ్మా” అన్నాడు. “నువ్వు పక్కన కూకోని కట్టుమీద ఊదతన్నావు.”

తరవాత లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను. చిన్నతల్లి వచ్చేలోగా ఇది ముగించి లేవాలి.

అప్ప